రైళ్ళు ఒక్కొక్కటే ఆగిపోతున్న రోజుల్లో రైల్‌ఫ్యాన్స్ ఏం చేశారు, ఇప్పుడు నువ్వేం చెయ్యొచ్చు

తమ్ముడూ, నువ్వడిగింది నిజానికి రెండు ప్రశ్నలు. అమెరికాలో 1950, 60ల్లో ప్యాసింజర్ రైళ్ళు వరసగా పోతున్నప్పుడు అక్కడి రైల్‌ఫ్యాన్స్ (రైళ్ళంటే పిచ్చి ఉన్నవాళ్ళు) ఏం చేశారు, సగం ఖాళీగా వెళ్ళే బళ్ళని ప్లాట్‌ఫాం మీద నిలబడి చూస్తే వాళ్ళకి ఏం ఒరిగింది అన్నది ఒకటి. మీ ఊరి హాల్ట్‌లో (అంటే చిన్న స్టేషన్‌లో) ఆగే రెండు ప్యాసింజర్లలో ఒకటి కోవిడ్ తర్వాత మళ్ళీ రాలేదు, మిగిలినది కూడా పోతుందేమో, ఈలోపు నేనేం చెయ్యాలి అన్నది రెండోది. రెండూ ఒకదానికొకటి గట్టిగా ముడిపడి ఉన్నాయి కాబట్టి కలిపే చెప్తా. పెద్దదవుతుంది, ఓపిగ్గా చదువు.

నేను చికాగో దగ్గర ఇరవై ఆరేళ్ళ నుంచి ఉంటున్నా. యూనియన్ అనే చిన్న ఊళ్ళో ఇల్లినాయ్ రైల్వే మ్యూజియం ఉంది, అక్కడ పద్నాలుగేళ్ళుగా వారాంతాల్లో వాలంటీర్‌గా పని చేస్తున్నా. నాతోపాటు పాత పెయింట్ గీకేవాళ్ళు, తలుపు బందులకి ఆయిల్ పెట్టేవాళ్ళు, వైరింగ్ చూసేవాళ్ళు, వాళ్ళలో పెద్దవయసు వాళ్ళంతా నువ్వడుగుతున్న ఆ రోజుల్లో పదేళ్ళు పన్నెండేళ్ళ పిల్లలు. వాళ్ళు చెప్పగా విన్నవి, వాళ్ళ నోట్‌బుక్కుల్లో నేను కళ్ళారా చూసినవి, చదివినవి, అన్నీ కలిపి రాస్తున్నా.

ముందు కథ త్వరగా చెప్పేస్తా, ఇది లేకపోతే మిగతాది అర్థం కాదు. 1929లో అమెరికాలో ఊళ్ళ మధ్య తిరిగే ప్యాసింజర్ రైళ్ళు దాదాపు 20 వేలు, 1970 వచ్చేసరికి 500 కూడా లేవు. మధ్యలో యుద్ధకాలంలో, 1944లో అయితే, పెట్రోలుకి రేషన్, సైనికుల రాకపోకలు, దాంతో రైళ్ళు ఎప్పుడూ లేనంతగా కిక్కిరిసిపోయాయి, అది చూసి రైల్వే కంపెనీలు (అక్కడ రైల్వేలన్నీ ప్రైవేటు కంపెనీలు, మనలా ప్రభుత్వానివి కావు) యుద్ధం అయిపోగానే కోట్లు పోసి తళతళలాడే స్టీలు బోగీలు కొన్నాయి, పైన అద్దాల గదులున్నవి, జనం మనతోనే ఉంటారని నిజంగా నమ్మి కొన్నాయి. జనం కార్లు కొనుక్కున్నారు. 1956లో ఇంటర్‌స్టేట్ హైవేల చట్టం వచ్చింది, 1958 అక్టోబర్‌లో బోయింగ్ 707 జెట్ సర్వీసులోకి వచ్చింది. దూరం వెళ్ళేవాడు విమానం ఎక్కాడు, దగ్గరకి వెళ్ళేవాడు కారు తీశాడు.

అదే 1958లో ఇంకో చట్టం వచ్చింది, దాని గురించి మన వైపు ఎక్కువగా తెలీదు కానీ రైల్‌ఫ్యాన్స్‌కి మాత్రం అదే గుండెలో ముల్లు. అంతకుముందు ఒక రైలు ఆపాలంటే అది తిరిగే ప్రతి రాష్ట్రంలోనూ అక్కడి కమిషన్ దగ్గరికెళ్ళి అనుమతి తెచ్చుకోవాలి, ఏళ్ళు పట్టేది. కొత్త చట్టం ప్రకారం రాష్ట్రాలు దాటే బండి అయితే 30 రోజుల ముందు నోటీసు ఇస్తే చాలు, కేంద్రంలో ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్ అని ఉండేది, అది కావాలనుకుంటే నాలుగు నెలలు ఆపించి విచారణ చెయ్యొచ్చు, మరీ అవసరం అనుకుంటే ఒక ఏడాది నడపమని ఆర్డర్ వెయ్యొచ్చు, అంతే. ఆ నోటీసు కాగితం స్టేషన్ గోడకి అంటించేవాళ్ళు. ఫలానా నంబరు బండి ఫలానా తారీకు నుంచి ఉండదు అని చిన్న అక్షరాల్లో టైపు చేసిన కాగితం. మా మ్యూజియంలో ఒకాయన పన్నెండేళ్ళ వయసులో అలాంటిది చదివాట్ట, అప్పటికి ఇంట్లో ఎవరూ చనిపోలేదు నాకు, చావు కబురు మొదటిసారి విన్నది అక్కడే అన్నాడు నాతో.

ఆయన గురించే కొంచెం చెప్పాలి, పేరు రాయను. ఇల్లినాయ్‌లో గేల్స్‌బర్గ్ అనే జంక్షన్ ఊళ్ళో పుట్టి పెరిగాడు, బర్లింగ్టన్ రైల్వే వాళ్ళ మెయిన్ లైన్ అది, చికాగో నుంచి డెన్వర్ వైపు వెళ్ళే బళ్ళన్నీ అక్కడ ఆగేవి. స్కూలు అయ్యాక స్టేషన్‌కి పోయేవాడు, చేతిలో జేబు సైజు నోట్‌బుక్, పెన్సిలు. ఆ నోట్‌బుక్కులు పదకొండు ఇప్పటికీ ఉన్నాయి, ఒక శీతాకాలం నేనూ ఆయనా కూర్చుని స్కాన్ చేశాం. పేజీకి ఒక బండి. పైన తారీకు, రావాల్సిన టైం, వచ్చిన టైం, ఇంజను నంబరు. కింద ముందు నుంచి వెనక్కి ఒక్కో బోగీ, రకం రాసి, పేరో నంబరో రాసి. అట్టడుగున రెండే రెండు అంకెలు, మధ్యలో గీత. చాలాసేపు అవేంటో నాకు అర్థం కాలేదు. అడిగితే చెప్పాడు, ఎంతమంది దిగారు, ఎంతమంది ఎక్కారు అని. పన్నెండేళ్ళ పిల్లాడు ప్లాట్‌ఫాం స్తంభం పక్కన నిలబడి ప్రతిరోజూ మనుషుల్ని లెక్కపెట్టాడు.

తమ్ముడూ, నీ మొదటి ప్రశ్నకి జవాబు ఆ పేజీల్లోనే ఉంది. అవి వరసగా తిప్పుకుంటూ పోతే రైలు ఎలా చచ్చిపోతుందో కనిపిస్తుంది. రైలు ఒక్కరోజులో పోదు. అందులో రాత్రిపూట వచ్చే ఒక బండి పేజీలే చూడు. మొదట సామాన్ల బోగీలు మూడు ఉన్నచోట రెండయ్యాయి. తర్వాత ఒక వేసవిలో స్లీపర్ పోయింది. ఆ తర్వాత డైనింగ్ కార్ ఉన్నచోట "స్నాక్" అని రాసి ఉంది. లేటు నిమిషాలు పెరుగుతూ వచ్చాయి, ఎందుకంటే గూడ్సు బండిని ముందు పంపించి దీన్ని పక్కన నిలబెట్టడం మొదలైంది. లేటు కాబట్టి జంక్షన్‌లో కనెక్షన్ బండి తప్పిపోయేది, కనెక్షన్ తప్పుతుంది కాబట్టి ఎక్కేవాళ్ళు తగ్గారు, అట్టడుగు అంకె 14 నుంచి 9కి, 9 నుంచి 4కి వచ్చింది. ఆ తర్వాతే నోటీసు. కంపెనీ వాళ్ళు విచారణలో చూపించేది ఆ చివరి 4 మాత్రమే, చూశారా ఎవరూ ఎక్కట్లేదు అని. 14 నుంచి 4 దాకా మధ్యలో ఏం జరిగిందో రాసి పెట్టుకున్నది ఆ పిల్లాడు, అతనిలాంటి ఇంకొందరు. ఖాళీ బండిని నిలబడి చూస్తే ఏం ఒరిగింది అంటే ఇదే ఒరిగింది. ఏ క్రమంలో ఏం తీసేశారో చూసినవాడికి తెలుస్తుంది, బ్యాలెన్స్ షీటు చదివినవాడికి తెలీదు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ మాత్రం ప్రయాణికులది కాదు, ఉత్తరాలది. మనకి ఆర్.ఎం.ఎస్ బోగీ తెలుసు కదా, అలాంటివే అక్కడ రైల్వే పోస్టాఫీసు బోగీలు. బండి పరిగెడుతుండగానే లోపల పోస్టల్ క్లర్కులు నిలబడి ఉత్తరాలు గూళ్ళలోకి విసిరి వేరు చేసేవాళ్ళు, ఆగని చిన్న ఊళ్ళలో పట్టాల పక్కన స్తంభానికి సంచి వేలాడదీస్తే బండి స్పీడులోనే ఇనప కొక్కెం బయటికి పెట్టి లాక్కునేవాళ్ళు. చాలా బళ్ళకి టికెట్ల డబ్బులకంటే ఈ టపా డబ్బులే ప్రాణం. 1967 సెప్టెంబర్‌లో పోస్టల్ శాఖ చాలా బోగీలు ఒకేసారి తీసేసి ఉత్తరాలు లారీలకీ విమానాలకీ ఇచ్చేసింది. అంతే, అప్పటిదాకా నష్టాన్ని ఓర్చుకుని పరువు కోసం నడిపిన శాంటా ఫే లాంటి కంపెనీ కూడా చాలా బళ్ళు ఇక నా వల్ల కాదంది. ఈ పోస్టాఫీసు బోగీల్లో ఆఖరిది న్యూయార్క్–వాషింగ్టన్ మధ్య 1977 జూన్ 30 దాకా నడిచింది. గేల్స్‌బర్గ్ నోట్‌బుక్‌లో 1967 సెప్టెంబర్‌లో ఆ బోగీలు తీసేసిన వారం పేజీలో మెయిల్ బోగీ రాయాల్సిన గీత ఖాళీగా వదిలేసి ఉంది, తర్వాతి పేజీల నుంచి ఆ గీతే లేదు.

పెద్ద బళ్ళ సంగతి కూడా ఇంతే. ట్వంటియెత్ సెంచురీ లిమిటెడ్ అని న్యూయార్క్ సెంట్రల్ వాళ్ళ బండి, న్యూయార్క్ నుంచి చికాగోకి, 1902లో మొదలైంది, గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో ఎక్కేవాళ్ళకి ప్లాట్‌ఫాం పొడవునా ఎర్ర తివాచీ పరిచేవాళ్ళు, 1938లో కొత్త స్ట్రీమ్‌లైన్ రేక్ (బోగీల వరస మొత్తం) వచ్చాక 16 గంటల్లో చికాగో చేర్చేది. మొత్తం స్లీపర్లే, కూర్చునే టికెట్ ఆ బండికి ఉండేదే కాదు. 1958లో మొదటిసారి మామూలు కోచ్‌లు తగిలించారు. రైల్‌ఫ్యాన్స్ ఆ రోజే పసిగట్టారు ఇది మొదలు అని. 1967 డిసెంబర్ 2 సాయంత్రం ఆఖరిసారి బయల్దేరింది, దారిలో ఎక్కడో గూడ్సు బండి పట్టాలు తప్పి దాదాపు పది గంటలు లేటుగా చికాగో చేరింది. 65 ఏళ్ళ బండి.

కంపెనీలు కావాలనే పాడు చేశాయా అని నువ్వడగలేదు కానీ ఎవరైనా అడుగుతారు. నా అభిప్రాయం, రెండూ నిజం. నష్టం నిజం, అందులో అబద్ధం లేదు, హైవేలకీ ఎయిర్‌పోర్టులకీ ప్రభుత్వం డబ్బు పెడుతుంటే ఈ కంపెనీలు తమ స్టేషన్లకి, పట్టాలకి తిరిగి పన్ను కట్టాయి. కానీ నష్టం చూపించడం కోసం బండిని ఇంకా అధ్వాన్నం చెయ్యడం కూడా జరిగింది. సదరన్ పసిఫిక్ అనే కంపెనీ 1960ల మొదట్లో డైనింగ్ కార్ల బదులు ఆటోమ్యాట్ కార్లు పెట్టింది, అంటే డబ్బులు వేస్తే తిండి వచ్చే మెషీన్లున్న బోగీ. న్యూ ఆర్లీన్స్ నుంచి లాస్ ఏంజిలిస్ దాకా రెండు రాత్రుల ప్రయాణం సన్‌సెట్ లిమిటెడ్‌ది, దాంట్లో స్లీపర్లు తీసేశారు, డైనర్ తీసేశారు, రెండు రాత్రులు కుర్చీలో కూర్చుని మెషీన్ తిండి తినమన్నారు. జనం ఎందుకెక్కుతారు? దీని మీద గట్టిగా గొడవ జరిగి 1970లో వారానికి మూడు రోజులే నడుపుతూ స్లీపర్, డైనర్ మళ్ళీ పెట్టారు. అలాంటి విచారణలకి మామూలు ప్రయాణికులతోపాటు రైల్‌ఫ్యాన్స్ కూడా వెళ్ళి సాక్ష్యం చెప్పేవాళ్ళు, పాత టైంటేబుళ్ళు పట్టుకెళ్ళి. ఎక్కువ కేసుల్లో ఓడిపోయారు. కొన్నిటిలో ఆరు నెలలో ఏడాదో సంపాదించారు. ఒక ఊరికి ఏడాది పాటు బండి ఉండటం చిన్న విషయం కాదు అని నేననుకుంటా.

నన్ను అడిగితే అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది కాలిఫోర్నియా జెఫైర్. 1949 మార్చి 20న మొదలైంది, చికాగో నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో బే దాకా మూడు కంపెనీలు కలిసి నడిపాయి, బర్లింగ్టన్, రియో గ్రాండే, వెస్ట్రన్ పసిఫిక్. టైంటేబుల్ వేసిన పద్ధతే వేరు, తొందరగా చేర్చడానికి కాదు, చూపించడానికి. కొలరాడో కొండలు పగలు వచ్చేలా, ఎడారి రాత్రి దాటిపోయేలా, మళ్ళీ ఫెదర్ నది లోయ పగలే వచ్చేలా. పైన అద్దాల గది ఉన్న బోగీలు ఐదు. సీజన్‌లో జనం బాగానే ఎక్కేవాళ్ళు కూడా. అయినా ఖర్చు మోయలేక 1966 నుంచే వెస్ట్రన్ పసిఫిక్ ఆపేస్తామని అడుగుతూ వచ్చింది, 1970 మార్చిలో ఆగిపోయింది. జనం ఎక్కకపోతేనే బండి పోతుంది అనుకునేవాళ్ళు ఈ బండి కథ తెలుసుకోవాలి.

ఇక్కడ ఒక చేదు మాట చెప్పాలి, ఇది నేనన్నది కాదు, ఆ గేల్స్‌బర్గ్ పెద్దాయనే ఒకసారి పని ఆపి కూర్చున్నప్పుడు అన్నాడు. మేమందరం ఆ బళ్ళని ప్రాణంగా ప్రేమించాం, కానీ చూడ్డానికి కార్లో వెళ్ళేవాళ్ళం, హైవే మీద బండి పక్కనే కారు నడుపుతూ వంద మైళ్ళు ఫొటోలు తీసేవాళ్ళం, లోపల ఎక్కి కూర్చున్నది మాత్రం తక్కువ అని. నేనేం మాట్లాడలేకపోయా. ఎందుకంటే నేను చేసిందీ అదే, దాని సంగతి కింద చెప్తా.

ఆఖరికి 1970 అక్టోబర్ 30న ప్రెసిడెంట్ నిక్సన్ సంతకంతో చట్టం వచ్చి, 1971 మే 1న ఆమ్‌ట్రాక్ మొదలైంది, మిగిలిన ప్యాసింజర్ రైళ్ళని ప్రభుత్వ కార్పొరేషన్ తీసుకుంది. తీసుకున్న రోజే దాదాపు సగం బళ్ళు రద్దు. ఏప్రిల్ 30 రాత్రి అమెరికా మొత్తం మీద స్టేషన్లలో రైల్‌ఫ్యాన్స్ నిలబడ్డారు, వబాష్ కానన్‌బాల్ లాంటి పేరున్న బళ్ళు ఆ రోజుతో ఆఖరు. ఆ రాత్రి ఫొటోలు వేలల్లో ఉన్నాయి. నీకు ముఖ్యంగా చెప్పాల్సింది ఇక్కడుంది. ఆఖరి రోజు ఫొటోలు ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి, ఎందుకంటే అందరూ వస్తారు, దండలు, బ్యానర్లు, పేపర్ వాళ్ళు, బండి నిండా జనం. ఆ జనం ముందురోజు లేరు. ఆఖరి రోజు ఫొటోలో నీకు ఆ రైలు కనపడదు, వీడ్కోలు కనపడుతుంది. అంతకు మూడు నెలల ముందు ఒక మంగళవారం నాడు, వర్షంలో, నలుగురు ఎక్కిన బండి ఫొటో కావాలంటే మాత్రం వెతికి వెతికి కళ్ళు నొప్పెట్టాల్సిందే. గేల్స్‌బర్గ్ నోట్‌బుక్కులకి ఇవాళ విలువ అందుకే, అందులో మంగళవారాలున్నాయి.

ఆ తర్వాత కొన్నేళ్ళు వింత కాలం. ఆమ్‌ట్రాక్ వాళ్ళకి సొంత రంగు వేసుకునే టైం లేక ఇరవై కంపెనీల బోగీలు ఏది దొరికితే అది తగిలించి నడిపారు, ఒకే బండిలో ఒక బోగీ ఎరుపు నారింజ, ఒకటి పసుపు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి వట్టి స్టీలు. రైల్‌ఫ్యాన్స్ దాన్ని రెయిన్‌బో కాలం అంటారు. ఆమ్‌ట్రాక్‌లో చేరకుండా సొంతంగా నడిపిన కంపెనీలు కూడా కొన్ని ఉన్నాయి. సదరన్ రైల్వే తన సదరన్ క్రెసెంట్‌ని 1979 దాకా నడిపింది, రాక్ ఐలాండ్ దివాలా తీసి కూడా 1978 ఆఖరు దాకా రెండు బళ్ళు ఈడ్చుకొచ్చింది, జార్జియా రైల్‌రోడ్ వాళ్ళు గూడ్సు వెనక ప్రయాణికుల బోగీ కట్టి 1983 దాకా తిప్పారు, మన పాత మిక్స్‌డ్ బండి లాగే. రియో గ్రాండే మాత్రం ఆ పాత కాలిఫోర్నియా జెఫైర్ అద్దాల బోగీలతోనే రియో గ్రాండే జెఫైర్ అని డెన్వర్–సాల్ట్‌లేక్ మధ్య 1983 ఏప్రిల్ దాకా నడిపింది. పదమూడేళ్ళు అదనంగా బతికింది కదా, రైల్‌ఫ్యాన్స్ ఈసారి పాఠం నేర్చుకున్నారు, టికెట్ కొని ఎక్కారు, మళ్ళీ మళ్ళీ ఎక్కారు. దాని ఇంజను 5771 ఇప్పుడు డెన్వర్ దగ్గర గోల్డెన్‌లో కొలరాడో రైల్‌రోడ్ మ్యూజియంలో ఉంది, వెళ్ళి చూసొచ్చా, ఆ ఇంజను ముక్కు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డా.

మా మ్యూజియంలో నెబ్రాస్కా జెఫైర్ ఉంది, 1936లో కట్టిన రేక్. బోగీలకి దేవతల పేర్లు, వీనస్, వెస్టా, మినర్వా, సీరీస్, ఆఖర్న గుండ్రటి అద్దాల బోగీ జూనో. గేల్స్‌బర్గ్ మీదుగా తిరిగిన బండే. ఆ పెద్దాయన నోట్‌బుక్‌లో జూనో పేరు ఎన్నిసార్లుందో లెక్కలేదు, 1968లో సర్వీసు నుంచి తీసేశారు, ఇప్పుడు అదే జూనో తలుపుకి ఆయన ఆయిల్ పెడతాడు. మొదటిసారి ఆ బోగీ లోపలికెళ్ళి కూర్చున్నది మ్యూజియంలోనేనట, చిన్నప్పుడు బయట నుంచి చూడ్డమే.

ఫొటోలు తీసినవాళ్ళ గురించి కూడా ఒక మాట. ఓ. విన్‌స్టన్ లింక్ అని న్యూయార్క్‌లో అడ్వర్టైజింగ్ ఫొటోగ్రాఫర్, 1955 నుంచి 1960 దాకా వర్జీనియా వైపు నార్‌ఫోక్ అండ్ వెస్ట్రన్ రైల్వే ఆవిరి ఇంజన్లని సొంత ఖర్చుతో తీశాడు, ఎక్కువ రాత్రిపూట, పదుల కొద్దీ ఫ్లాష్ బల్బులు ఒకేసారి వెలిగించి. ఆయన ఫొటోల్లో రైలు ఒక్కటే ఉండదు, వరండాలో కూర్చున్న మనుషులు, ఈత కొడుతున్న పిల్లలు, పెట్రోల్ బంకు, వెనకాల రైలు. టేపు రికార్డరు పెట్టి శబ్దాలు కూడా పట్టాడు. రోనోక్‌లో పాత స్టేషన్ బిల్డింగులోనే ఇప్పుడు ఆయన మ్యూజియం ఉంది. ఇంకోటి చెప్తా, కోడాక్రోమ్ స్లైడ్ ఫిల్ము తెలుసా, దాన్ని కడిగే ఆఖరి ల్యాబ్ కాన్సాస్ రాష్ట్రంలో పార్సన్స్ అనే ఊళ్ళో ఉండేది, 2010 డిసెంబర్‌లో ఆపేశారు. ఆ ఆఖరి రోజుల్లో ఆర్కన్సాస్ నుంచి ఒక రైల్వే ఉద్యోగి 1,580 రోల్స్ కడిగించుకుని 15,798 డాలర్లు కట్టి తీసుకెళ్ళాడు. అన్నీ రైళ్ళే.

ఇప్పుడు నా సంగతి. మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి. నౌపడా నుంచి గుణుపూర్ దాకా చిన్న రైలు ఉండేది, రెండున్నర అడుగుల గేజ్ (పట్టాల మధ్య వెడల్పు), పర్లాకిమిడి రాజావారు వేయించింది, 1900లో నౌపడా–పర్లాకిమిడి, తర్వాత 1931లో గుణుపూర్ దాకా. పాతపట్నంలో మా మేనత్తగారిల్లు, వేసవి సెలవలంటే ఆ బండే. చెక్క బెంచీ అంచు అరిగిపోయి నున్నగా, అరచేతికి వెచ్చగా తగిలేది. జీడిపప్పు బస్తాలు, కోళ్ళు, పెళ్ళివాళ్ళు, ఎవరు చెయ్యెత్తినా నెమ్మదించే బండి అది. నేను 1999లో ఇటొచ్చేశా. 2004లో గేజ్ మారుస్తారు, ఆపేస్తారు అని మా సొంత తమ్ముడు ఫోన్లో చెప్పినప్పుడు డిసెంబర్‌లో వస్తా కదా ఎక్కుదాంలే అన్నా. జూన్‌లో ఆగిపోయింది. 2011కల్లా లైనంతా పెద్ద రైలొచ్చింది, మంచిదే, జనానికి మేలే, కాదనను. కానీ ఇన్నేళ్ళు అమెరికా వాళ్ళ రైళ్ళ బోగీ పేర్లు వరసగా చెప్పగలిగిన నాకు మా చిన్న రైలుకి ఎన్ని బోగీలుండేవో ఖచ్చితంగా చెప్పడం రాదు. ఉన్నది ఒక్క ఫొటో. అందులో మా పెద్దన్నయ్య నిలబడి ఉంటాడు, వెనకాల బోగీ సగమే పడింది, నంబరున్న వైపు తెగిపోయింది.

కాబట్టి నీ రెండో ప్రశ్న. మన దగ్గర మొత్తంగా రైలు ప్రయాణం తగ్గట్లేదు, ఎక్స్‌ప్రెస్‌లలో నిలబడే చోటుండదు, అది అమెరికాకీ మనకీ తేడా. పోతున్నవి మీ ఊరి లాంటి చోట ఆగే ప్యాసింజర్లు. 2020 మార్చిలో అన్నీ ఆగాయి, మళ్ళీ మొదలెట్టినప్పుడు స్పెషల్ పేరుతో పది రూపాయల టికెట్ ముప్పై చేశారు, 2024 ఫిబ్రవరిలో మళ్ళీ పదికి దించారు కానీ ఆ నాలుగేళ్ళలో జనం ఆటోలకి, బైకులకి అలవాటు పడ్డారు, కొన్ని హాల్ట్‌లలో బండి మళ్ళీ ఆగనే లేదు. క్రమం చూశావా, గేల్స్‌బర్గ్ నోట్‌బుక్ లాగే ఉంది.

మొదటి పని, ఎక్కు. టికెట్ కొనే ఎక్కు, పక్క స్టేషన్ దాకా వెళ్ళే పనైనా, ఆ టికెట్ మీ హాల్ట్ నుంచే కొను. మీ హాల్ట్‌లో టికెట్లు అమ్మేది కమీషన్ మీద పనిచేసే హాల్ట్ ఏజెంటే అయ్యుంటాడు, ఆయనతో పరిచయం పెంచుకో, రోజుకి ఎన్ని టికెట్లు పోతున్నాయో నీకు ఆయనే చెప్తాడు. నెలవారీ లెక్క అధికారికంగా కావాలంటే పది రూపాయలు కట్టి డివిజన్ ఆఫీసుకి ఆర్టీఐ పెట్టు, కోవిడ్ ముందు మూడేళ్ళు, తర్వాత మూడేళ్ళు అడుగు, పక్కనే బండి టైం ఎప్పుడెప్పుడు మార్చారో కూడా అడుగు. టికెట్లు పడిపోయింది టైం మార్చాకా ముందా అన్నది కాగితం మీద కనపడితే ఎంపీ దగ్గరికి పట్టుకెళ్ళడానికి నీ చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

రెండోది, ఒక నోట్‌బుక్. ఫోన్ కాదు, నోట్‌బుక్. వారానికి రెండు రోజులు చాలు, కానీ మానకు. ఇంజను నంబరు, దాని మీద రాసున్న షెడ్ (ఇంజన్లని ఉంచి చూసుకునే చోటు) పేరు, బోగీలెన్ని, టైం, లేటెంత, ఎంతమంది ఎక్కారు, ఎంతమంది దిగారు. దిగిన కూరగాయల బుట్టలు కూడా లెక్కపెట్టు. ఫొటోలు తీసేటప్పుడు ఇంజనొక్కటే తియ్యకు, ఇంజన్ల ఫొటోలు ఊరికే దొరుకుతాయి. హాల్ట్ బోర్డు, మూడు భాషల్లో ఊరి పేరు, టికెట్ కిటికీ, లోపల గోడ మీద ఛార్జీల పట్టిక, మంచినీళ్ళ కుళాయి, బండి కోసం కూర్చున్న ముసలమ్మ (అడిగి తియ్యి), గార్డుగారు పచ్చజెండా ఊపేటప్పటి చెయ్యి. శబ్దం రికార్డు చెయ్యి, బండి వచ్చేముందు ఐదు నిమిషాల నుంచి మొదలెట్టి వెళ్ళిపోయాక ఐదు నిమిషాల దాకా, మధ్యలో మాట్లాడకు. ప్రతి ఫొటోకి తారీకు, బండి నంబరు, ఎటు వెళ్తోందో ఆరోజే రాసిపెట్టు, రేపు రాద్దాం అంటే ఎప్పటికీ రాయవు. ఒక కాపీ నీ దగ్గర కాకుండా ఇంకో ఇంట్లో ఉంచు. పట్టాల మీదకి మాత్రం దిగొద్దు, రైల్వే చట్టం 147 సెక్షన్ కేసు సంగతి అలా ఉంచు, వెనక నుంచి వచ్చే కరెంటు ఇంజను శబ్దం వినపడదు, ప్లాట్‌ఫాం మీద నుంచి వచ్చే ఫొటోయే చాలు.

వచ్చే సంక్రాంతికి టెక్కలి వస్తున్నా. 2004కి ముందు నౌపడా చిన్న రైలు ఫొటోలు ఇది చదివే వాళ్ళలో ఎవరి దగ్గరున్నా, పెళ్ళి ఫొటోల వెనకాల పడినదైనా సరే, టెక్కలి, పెద్దసాన, తెంబూరు, పాతపట్నం ఏ స్టేషన్‌ది అయినా సరే, స్కానర్ తెచ్చుకుని మీ ఇంటికే వస్తా, అక్కడికక్కడే స్కాన్ చేసుకుని ఫొటో మీకే ఇచ్చేస్తా. నాకు కావాల్సింది బోగీ మీద నంబరు.